కావలి కుక్కకు మాట నేర్పుట



మన గ్రామములలో కుక్క లేని దొడ్డి యరుదు. చేనిలోనికి అడవిపందుల రాకను ముందుగా దెలుపునది కుక్క. కళ్ళములో ధాన్యపు రాశికి రాత్రి తోడుండునదియు కుక్కయే. అయినను మాట వినని కుక్క వలన యజమానునకు మేలుకంటె కీడే యెక్కువ. అది పొరుగువాని దూడను తరుమును, బాటసారిని కరచును. తుదకు తగవు రచ్చబండ కెక్కును. అట్టి కుక్కను రేయుంబవలు కట్టివేయుటయో, కొట్టి తరుముటయో మనవారు చేయు పని. నేర్పు పద్ధతి తెలిసినచో ఈ రెంటి యవసరమును చాలవరకు తప్పును.

కుక్కకు మన భాష తెలియదు. అది ఒక శబ్దమును, దాని వెంట వచ్చు ఫలమును జతపరచి జ్ఞాపకముంచుకొనును. 1904లో నోబెల్ బహుమానము నందిన రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ దీనిని పరీక్షించి చూపెను. ఆహారమునకు ముందు ప్రతిసారియు ఒకే శబ్దమును వినిపించినచో, కొంతకాలమునకు ఆ శబ్దము మాత్రముననే కుక్క నోట నీరూరును. సంగటి కుండ మూత చప్పుడు కాగానే మన కుక్క పరుగెత్తివచ్చుట ఇట్టిదే. దీనినుండి మూడు నియమములు తేలుచున్నవి.

మొదటిది: ఒక పనికి ఒకే మాట. ఇంటిలో ఒకరు ‘రా’ యనియు, మరియొకరు ‘దా’ యనియు, వేరొకరు ‘ఇటు’ అనియు పిలిచినచో కుక్క తికమకపడును.

రెండవది: ఫలము వెంటనే కలుగవలెను. పని చేసిన ఒకటి రెండు సెకనులలో తినుబండారమో, మెప్పు మాటయో అందవలెను. ఆలస్యమైనచో ఏ పనికి మెచ్చితిరో దానికి తెలియదు.

మూడవది: పాఠము చిన్నదిగా నుండవలెను. మేతకు ముందు, ఆకలిగా నున్నప్పుడు, ఐదు మొదలు పది నిమిషములు చాలును. దినమునకు రెండు మూడు మారులు చేయుడు.

‘కూర్చో’ నేర్పుట: చిన్న రొట్టె ముక్కను కుక్క ముక్కుకు దగ్గరగా పట్టి, మెల్లగా తలమీదుగా వెనుకకు జరుపుడు. తల పైకెత్తగా వెనుక భాగము దానంతట దిగును. నేలకు తాకిన క్షణముననే ‘మంచిది’ యని ముక్క నిండు. చేయి చూచి కూర్చుండుట అలవడిన పిమ్మట, చేయి కదపక ముందే మాట పలుకుడు.

‘ఆగు’ నేర్పుట: కూర్చున్న కుక్కకు మాట చెప్పి, ఒక్క అడుగు వెనుకకు వేసి, తిరిగివచ్చి ముక్క నిండు. దూరమును, సమయమును కొద్దికొద్దిగా పెంచుడు. అది లేచినచో కోపింపక మరల దగ్గర నుండియే యారంభింపుడు.

‘రా’ యనునది అన్నిటికంటె విలువగల మాట. పది మూరల త్రాడు కట్టి, పేరు పెట్టి పిలిచి, మీరు వెనుకకు నడువుడు. వచ్చినప్పుడెల్ల మంచి ముక్క నిండు. పిలిచి ఎన్నడును కొట్టరాదు.

ఈ చివరి మాట నేను నష్టపడి నేర్చుకొంటిని. నా కుక్క ఒకనాడు పొరుగు మందలో పడి గొఱ్ఱెలను బెదరించెను. పిలువగా పిలువగా వచ్చినదానిని చేతి కఱ్ఱతో కొట్టితిని. ‘తరిమితిని గనుక కొట్టిరి’ అని అది గ్రహింపలేదు. ‘వచ్చితిని గనుక కొట్టిరి’ అని గ్రహించెను. అటుపై పిలిచినచో దూరముననే నిలిచి చూచెడిది. ఒక సాయంకాలము అది రోడ్డు మధ్య నుండగా లారీ వచ్చుట చూచి కేక వేసితిని. అది నిలిచి నా వంక చూచెనే గాని రాలేదు. దానిని చంపినది లారీయే యైనను, అందులో నా కఱ్ఱకును పాలు గలదు.

మూడు వారములు మొదలు పదునాలుగు వారముల లోపల పిల్లకు మనుష్యులను, పశువులను, బండ్లను నెమ్మదిగా అలవాటు చేయుడు. ఎనిమిది వారములు నిండక ముందు తల్లినుండి వేరు చేయకుడు. మొక్కై వంగనిది మానై వంగదని సామెత యున్నను, పెద్ద కుక్కయు నేర్చుకొనును. ఓర్పు మాత్రము హెచ్చుగా కావలెను. ఉల్లి, ద్రాక్ష, చాక్లెటు కుక్కకు హానికరములు గనుక బహుమానముగా పెట్టరాదు.

ఎంత నేర్పిన కుక్కకైనను మూడు నెలల వయసున పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పిదప పశువైద్యుడు చెప్పిన గడువులకు తప్పక మరల వేయింపుడు. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము పూయరాదు. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి యరుదు.

నేటి రాత్రి భోజనముల వేళ ఇంటిల్లిపాదియు కూడి, కుక్కకు చెప్పవలసిన మూడు మాటలను నిశ్చయించుకొనుడు. రేపటి నుండి అందరును ఆ మాటలనే పలుకుడు.