జత కుదిరిన రెసిస్టర్లే ఈసీజీ గీతకు ఆధారం

ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడి ఎత్తు ఒక మిల్లీమీటరు. సాధారణ అమరికలో అది 0.1 మిల్లీవోల్టుకు సమానం. గుండెపోటు అనుమానంతో వచ్చిన రోగి ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం ఒక గడి పైకి లేచిందా లేదా అన్నది డాక్టర్లు చూసే ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి. అంటే ఒక వోల్టులో పదివేలవ వంతు మీద చికిత్స నిర్ణయం ఆధారపడుతోందన్నమాట.

అదే సమయంలో రోగి శరీరం యాంటెనాలా పనిచేస్తుంది. గోడల్లోని వైర్లు, ట్యూబ్‌లైట్లు, పక్కనున్న యంత్రాల నుంచి 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావాన్ని అందుకుంటూనే ఉంటుంది. ఈ వోల్టేజి గుండె సంకేతం కంటే ఎన్నో రెట్లు పెద్దది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక వోల్టు అనుకుందాం. గుండె సంకేతం దాదాపు ఒక మిల్లీవోల్టు. కిలో బరువు పక్కన గ్రాము లాంటిది.

అయితే ఈ ఒక వోల్టు కుడి చేతి మీదా ఎడమ చేతి మీదా దాదాపు ఒకేలా ఉంటుంది. గుండె సంకేతం మాత్రం రెండు చేతుల మధ్య తేడాగా కనిపిస్తుంది. కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకటి తీసేస్తే చాలు, ఉమ్మడిగా ఉన్నది పోయి తేడా మిగులుతుంది. ఈ తీసివేత చేసేది ఆపరేషనల్ యాంప్లిఫయర్, దాని చుట్టూ అమర్చిన నాలుగు రెసిస్టర్లు. ఆప్ ఆంప్ ఎంత మంచిదైనా, తీసివేత ఎంత కచ్చితంగా జరుగుతుందో తేల్చేది ఎక్కువగా ఆ నాలుగు రెసిస్టర్లే.

దీన్ని పాతకాలపు త్రాసుతో పోల్చవచ్చు. కాడ పొడవు ఎంతైనా ఫరవాలేదు, రెండు చేతులూ సమానంగా ఉండాలి. ఒక చేయి కాస్త పొడవుంటే రెండు పళ్లేల్లో సరిగ్గా కిలో చొప్పున పెట్టినా త్రాసు ఒక పక్కకు వాలుతుంది. ఆ వాలులో గ్రాము తేడాను వెతకడం కుదరదు. రెసిస్టర్ల విషయంలోనూ అంతే. ఒక్కో జత మధ్య నిష్పత్తి సరిపోవాలి.

లెక్క చూస్తే విషయం ఎంత తీవ్రమో తెలుస్తుంది. గెయిన్ 1 ఉన్న సర్క్యూట్‌లో, బజారులో దొరికే 1 శాతం రెసిస్టర్లు నాలుగు వాడారనుకుందాం. నాలుగింటి తేడాలూ చెడు దిశలోనే కలిస్తే ఉమ్మడి వోల్టులో 2 శాతం, అంటే 20 మిల్లీవోల్టులు బయటికి వస్తాయి. ఈసీజీ కాగితం మీద అది 20 సెంటీమీటర్ల ఎత్తు! 0.1 శాతం రెసిస్టర్లు వాడితే 2 సెంటీమీటర్లు. అప్పుడు కూడా గుండె గీత 50 హెర్ట్జ్ అలల్లో మునిగిపోతుంది. ఫిల్టర్ పెట్టి 50 హెర్ట్జ్‌ను తీసేయవచ్చు కదా అంటే, తీయవచ్చు. కానీ గుండె సంకేతంలోని నిటారు భాగాల్లోనూ ఆ పౌనఃపున్యం దగ్గరి అంశాలుంటాయి, అవీ కొంత చెరిగిపోతాయి. మొదటి మెట్టులోనే సరిగా తీసేయడం మేలు.

మీటరుతో కొలిచి దగ్గరి విలువలున్న రెసిస్టర్లను ఏరి వాడేవారూ ఉన్నారు. బల్ల మీద అది బాగానే పనిచేస్తుంది. వేడి మారితేనే చిక్కు. డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారే రెసిస్టర్, 25 డిగ్రీల గది నుంచి 45 డిగ్రీల ఎండకు పోతే 0.2 శాతం మారుతుంది. నాలుగూ ఒకే తీరున మారితే నష్టం లేదు. ఒక్కటి మాత్రమే అంత జరిగినా గీత మీద సెంటీమీటరు మేర 50 హెర్ట్జ్ చేరుతుంది.

అందుకే చిప్ తయారీదార్లు రెసిస్టర్లను ఆప్ ఆంప్‌తో పాటే సిలికాన్ మీద వేస్తారు. నికెల్-క్రోమియం వంటి పదార్థపు పలుచని పొర నుంచి నాలుగూ ఒకేసారి, పక్కపక్కనే ఏర్పడతాయి. కాబట్టి లోపాలూ ఒకేలా వస్తాయి, వేడీ ఒకేలా తగులుతుంది. మిగిలిన కాస్త తేడాను లేజర్‌తో సరిచేస్తారు. లేజర్ పొరలో కొంత కోస్తుంది గనుక రెసిస్టర్ విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే కొంచెం తక్కువ విలువతో మొదలుపెట్టి, కొలుస్తూ కోస్తారు.

బర్-బ్రౌన్ సంస్థ చేసిన ఐఎన్‌ఏ105 దీనికి మంచి ఉదాహరణ. ఇందులో 25 కిలోఓమ్‌ల రెసిస్టర్లు నాలుగుంటాయి. వాటి అసలు విలువ 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చు! కానీ నిష్పత్తి మాత్రం చాలా దగ్గరగా కుదిరి ఉంటుంది. ఉమ్మడి వోల్టేజిని తోసిపుచ్చే శక్తిని డెసిబెల్స్‌లో చెబుతారు. ఈ చిప్ మేలు గ్రేడుకు అది కనీసం 86 డెసిబెల్స్, అంటే ఇరవై వేల రెట్లు. ఒక వోల్టులో 0.05 మిల్లీవోల్టు మాత్రమే మిగులుతుంది, కాగితం మీద సగం గడి.

ఈ చిప్‌ను కొని బోర్డు మీద పెట్టగానే పని అయిపోదు. చాలామంది పొరపడేది ఇక్కడే. రక్షణ కోసమని ఒక ఇన్‌పుట్‌కు చిన్న రెసిస్టర్ కలిపినా, ఒక వైపు ఆధార సంకేతం 5 ఓమ్‌లు ఎక్కువ నిరోధంతో వచ్చినా లోపలి సమతూకం చెడిపోతుంది. 25 కిలోఓమ్‌లలో 5 ఓమ్‌లు అంటే 0.02 శాతమే. అదొక్కటే పరిమితిని 80 డెసిబెల్స్ దగ్గరికి దించుతుంది. లేజర్‌తో సాధించిన కచ్చితత్వంలో సగం ఒక చిన్న రెసిస్టర్‌కు పోతుంది.

చర్మం మీద పెట్టిన ఎలక్ట్రోడ్ నిరోధం ఓమ్‌లలో కాదు, తరచూ కిలోఓమ్‌లలో ఉంటుంది. కాబట్టి ఈసీజీకి నాలుగు రెసిస్టర్ల చిప్ ఒక్కటే సరిపోదు. ముందు రెండు ఆప్ ఆంప్‌లను ద్వారపాలకుల్లా నిలిపి, అవి శరీరం నుంచి దాదాపు కరెంటు తీసుకోకుండా సంకేతాన్ని మాత్రం అందుకునేలా చేయాలి. ఆ తర్వాతే తీసివేత. మూడు ఆప్ ఆంప్‌ల ఈ అమరికను ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ అంటారు. దీనిలో బయటి నుంచి పెట్టే ఒకే రెసిస్టర్ గెయిన్‌ను నిర్ణయిస్తుంది. ఆ రెసిస్టర్ కాస్త తేడాగా ఉంటే గీత ఎత్తు కొంచెం మారుతుంది గానీ, తీసివేత సమతూకం చెడదు. వేడికి అది లోపలి వాటితో కలిసి మారదు గనుక మంచి రకాన్నే ఎంచుకోవాలి.

గెయిన్‌ను ఇష్టం వచ్చినంత పెంచడం మాత్రం కుదరదు. ఎలక్ట్రోడ్, చర్మం కలిసే చోట రసాయన చర్య వల్ల ఒక స్థిర వోల్టేజి పుడుతుంది. ఈసీజీ యంత్రాలు 300 మిల్లీవోల్టుల దాకా దాన్ని భరించాలని నిర్దేశం. మొదటి మెట్టులోనే నూరు రెట్లు పెంచితే అది 30 వోల్టులవుతుంది, చిప్ అక్కడే ఆగిపోతుంది. అందుకని మొదట కొద్ది రెట్లే పెంచి, స్థిర భాగాన్ని వడకట్టాక మిగతాది పెంచుతారు.

ఇంత చేసినా ఒక ఎలక్ట్రోడ్ కింది జెల్ ఎండిపోయి, రెండోది తడిగా ఉంటే చిప్‌కు చేరకముందే అసమానత ఏర్పడుతుంది. గీత మీద మళ్లీ సన్నని 50 హెర్ట్జ్ అలలు లేస్తాయి. టెక్నీషియన్ చర్మాన్ని తుడిచి, కొత్త ఎలక్ట్రోడ్ అతికించాక మళ్లీ కాగితం తీసేది అందుకే.