కిట్ కారులో తాళం ఒకటే, పనులు రెండు

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకునే స్పోర్ట్స్ కార్లకు బ్రిటన్‌లో 1957 నాటి లోటస్ సెవెన్ కాలం నుంచీ ఆదరణ ఉంది. ఇరుకు సీటులో ఇగ్నిషన్ తాళం మోకాలికి తగులుతోందని కొందరు దాన్ని డ్యాష్‌బోర్డుకు మారుస్తారు.

అయితే స్టీరింగ్ పక్కనుండే ఆ తాళం చేసే పనులు రెండు. ఇంజిన్‌కు కరెంటు అందించడం ఒకటి. తాళంచెవి తీయగానే స్టీరింగ్ కడ్డీ గాడిలోకి ఉక్కు పిన్ను దించి, చక్రం తిరగకుండా బిగించడం రెండోది.

స్విచ్ మాత్రమే మార్చి పాత పిన్నును అరకొరగా వదిలేస్తే, నడుస్తున్న కారులో అది గాడిలో పడి స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. పూర్తిగా తీసేస్తే దొంగల పని తేలికవుతుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగే ఐవీఏ తనిఖీలో దొంగతనం నుంచి రక్షణనూ చూస్తారు. అందుకే తాళం విప్పే ముందే, ఆ రెండో పనిని ఇక ఏది చేస్తుందో తేల్చుకోవాలి.