విన్నది, చూసింది, తేలింది



మన ద్వారకా తిరుమలలో పొద్దుగూకాక నలుగురం అరుగు మీద చేరతాం. వంట అయింది. పిల్లలు తిన్నారు. ఇక కబుర్లు మొదలవుతాయి.

"కొల్లేట్లో కొరివి దయ్యం కనిపించిందట."

"చెరువు గట్టు మీద చింతచెట్టు కింద ఎవరో ఆడమనిషి ఏడుస్తోందట."

"ఏలూరులో అప్పుడు వచ్చిన జబ్బు ఎవరో కావాలని చేయించారట."

విన్నారా? ప్రతి మాట చివరా ఒక అక్షరం ఉంది. అది 'ట'. కనిపించిందట, ఏడుస్తోందట, చేయించారట. 'ట' ఉందంటే అర్థం ఏమిటి? చెప్పే మనిషి చూడలేదు. ఎవరో చెబితే విన్నది.

ఇలాంటి కబుర్లు నాకూ ఇష్టమే. చిన్నప్పుడు మా అమ్మమ్మ పక్కన పడుకుని ఎన్నో విన్నాను. భయపడుతూనే ఇంకోటి చెప్పమనేదాన్ని. కథ కథగా ఉంటే తప్పు లేదు. కానీ ఒక్కోసారి కథ పోయి ఒక మనిషి నెత్తిన పడుతుంది. అప్పుడే ప్రమాదం.

మా కేంద్రంలో జరిగింది

ఒక సాయంత్రం మా చదువు కేంద్రానికి ఒక చెల్లి ఏడుస్తూ వచ్చింది. ఆమె కొడుక్కి రెండేళ్ళు. ఒళ్ళు కాలిపోతోంది. ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడట. కళ్ళు తేలేశాడట.

"గాలి సోకింది" అంది ఒకామె.

"గాలి కాదు. పక్కింటి ముసలమ్మ చూపు. పొద్దున బిడ్డని ఎత్తుకుంది" అంది ఇంకొకామె.

ఆ ముసలమ్మకి ఎవరూ లేరు. ఒంటరి మనిషి. ఆమె కూడా మా కేంద్రంలోనే అక్షరాలు దిద్దుతుంది. ఆ మాట విని పలక పక్కన పెట్టేసింది. ఏమీ మాట్లాడలేదు.

బిడ్డని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోదామన్నారు. అప్పుడు నాగలి పట్టే ఇంటి కోడలు ఒకామె లేచింది. "మంత్రం తరవాత. ముందు ఆసుపత్రికి పదండి" అంది. ఆటో పిలిచింది. డాక్టరు చూశారు. జ్వరం బాగా ఎక్కితే చిన్న పిల్లలకి ఇలా ఫిట్స్ వస్తాయని చెప్పారు. మందిచ్చారు. తెల్లారేసరికి బిడ్డ లేచి పాలు తాగాడు.

బిడ్డకి తగ్గింది. మరి ముసలమ్మ మీద పడ్డ మాట? అది అంత తొందరగా పోలేదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మూడు గళ్ళు

పలక తీసుకోండి. నిలువుగా రెండు గీతలు గీయండి. మూడు గళ్ళు వచ్చాయి. పైన ఇలా రాయండి: విన్నది. చూసింది. తేలింది.

ఏ వింత కబురు వచ్చినా ఈ మూడు గళ్ళలో సర్దండి. 'ట' ఉన్న మాట మొదటి గడిలోకి పోతుంది. మన కళ్ళతో చూసింది రెండో గడిలోకి. పరీక్ష చేసి, నలుగురూ సరి చూసుకున్నది మూడో గడిలోకి. ఇప్పుడు కొన్ని కబుర్లు సర్దుదాం.

ఓ స్త్రీ రేపు రా

1990ల్లో మన తెలుగు ఊళ్ళలో చాలా తలుపుల మీద ఒక మాట రాశారు. "ఓ స్త్రీ రేపు రా." రాత్రిపూట ఒక ఆడ దయ్యం వచ్చి తలుపు తడుతుందట. తెలిసిన వాళ్ళ గొంతుతో పిలుస్తుందట. తలుపు తీస్తే చంపేస్తుందట. ఈ మాట చదివి "సరే, రేపు వస్తా" అని వెళ్ళిపోతుందట. కర్ణాటకలో కూడా ఇలాగే వాళ్ళ భాషలో రాసుకున్నారు.

ఇది చెబితే మా కేంద్రంలో ఒక పిన్ని నవ్వి అంది: "ఏం టీచరమ్మా! మనకి ఇప్పుడిప్పుడే అక్షరాలు వస్తున్నాయి. ఆ దయ్యానికి అప్పటికే చదువొచ్చా?"

అందరం నవ్వాం. కానీ ఇంకో మాట కూడా ఆలోచించాలి. ఆ రోజుల్లో రాత్రిపూట ఒక ఆడమనిషి నిజంగా కష్టంలో ఉండి తలుపు తడితే? ఎవరు తీస్తారు? గోడ మీది మాట దయ్యాన్ని ఆపిందో లేదో గాని, ఆపదలో ఉన్న మనిషిని మాత్రం ఆపేస్తుంది.

ఇందులో ఎన్ని మాటలు రెండో గడిలోకి వస్తాయి? తలుపు మీద రాత ఒక్కటే. మిగతా అంతా 'ట'.

పాలు తాగిన వినాయకుడు

1995 సెప్టెంబరు 21న దేశమంతా ఒక కబురు పాకింది. వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయని. గుళ్ళ ముందు జనం బారులు తీరారు. చెంచాతో పాలు తొండానికి ఆనిస్తే చెంచా ఖాళీ అయింది. ఇది 'ట' కాదు. లక్షల మంది కళ్ళారా చూశారు. కనుక రెండో గడిలో రాయాలి.

మరి పాలు ఎక్కడికి పోయాయి? శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చూశారు. రంగు పాలు విగ్రహం మీదుగా సన్నని పొరలాగా కిందికి జారాయి. తెల్లని పాలు తెల్లని రాయి మీద జారితే కంటికి ఆనవు. రంగు కలిపితే కనిపించాయి.

మీరు కూడా చేసి చూడండి. రుబ్బురోలు పొత్రం కడగండి. తడిగానే ఉంచండి. చెంచా నిండా పాలు తీసుకుని అంచు పొత్రానికి ఆనించండి. కొంచెం వంగినా చాలు, పాలు తడి రాయిని అంటుకుని జారిపోతాయి.

దేవుడి మీద భక్తి వేరు. మనం చినవెంకన్న కొండ కింద బతికేవాళ్ళం. దణ్ణం పెట్టుకుంటాం. కానీ పాలు ఎలా జారతాయో తెలుసుకుంటే భక్తి తగ్గిపోదు.

కొల్లేటి కొరివి దయ్యం

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పెద్ద మంచినీటి సరస్సు. అక్కడి గుర్రపుడెక్క, తూడు, నాచు నీళ్ళ అడుగున కుళ్ళిపోతాయి. కుళ్ళిన చోట ఒక వాయువు పుడుతుంది. మీకు గోబర్ గ్యాస్ తెలుసు గదా? పేడ తొట్టిలో పుట్టేది, పొయ్యి మీద నీలంగా మండేది. బురద నేలల్లో పుట్టేది కూడా ఆ జాతి వాయువే. అది మండుతుంది.

ఇలాంటి చిత్తడి నేలల్లో రాత్రిపూట వెలుగు కనిపించిందని మన దగ్గరే కాదు, ఇంగ్లండులో, ఇతర దేశాల్లో కూడా చెప్పుకుంటారు. ఒక్కో చోట ఒక్కో పేరు పెట్టారు. ఆ వాయువు తనంతట తాను ఎలా అంటుకుంటుందో శాస్త్రవేత్తలు ఇంకా పరిశోధిస్తున్నారు. అంటే సగం మూడో గడిలోకి వచ్చింది. సగం రాలేదు. ఇంకో సంగతి. చీకట్లో దూరాన కదిలే వెలుగు చేపలు పట్టేవాళ్ళ లాంతరు కూడా కావచ్చు గదా!

ఏలూరు జబ్బు

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద సంగతి. ఇది చాలామందికి గుర్తే.

2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ఫిట్స్ వచ్చాయి. తల తిరిగింది. వాంతులయ్యాయి. కొందరికి కాసేపు ఏమీ గుర్తులేదు. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ అందరూ ఉన్నారు. కొన్ని రోజుల్లోనే 600 మందికి పైగా జబ్బు పడ్డారు. ఒకరు చనిపోయారు. చాలామంది మాత్రం త్వరగానే కోలుకుని ఇంటికి వెళ్ళారు. వారం పది రోజుల్లో జబ్బు తగ్గిపోయింది.

అప్పుడు కరోనా కాలం. జనం ముందే భయంతో ఉన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. నీళ్ళలో విషం కలిపారన్నారు. వీధుల్లో చల్లిన బ్లీచింగు పొడి అన్నారు. కొత్త కరోనా అన్నారు. చేతబడి అన్నవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు.

డాక్టర్లు ఏం చేశారు? మొదట ప్రశ్నలు అడిగారు. ఏ వీధి? ఏ నీళ్ళు తాగారు? ఏం తిన్నారు? ఇంట్లో ఇంకెవరికి వచ్చింది? ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. ఆ రాతల్లోంచి కొన్ని సంగతులు బయటపడ్డాయి. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చింది, మిగతా వాళ్ళకి రాలేదు. కనుక ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులా లేదు. కరోనా పరీక్ష చేస్తే లేదని వచ్చింది. పంపు నీళ్ళు తాగనివాళ్ళకి కూడా వచ్చింది. కనుక పంపు నీళ్ళొక్కటే కారణమని చెప్పడానికి వీల్లేదు.

తరవాత నెత్తురు, నీళ్ళు, కూరగాయలు, పాలు పరీక్షలకి పంపారు. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి వాళ్ళకి కొందరి నెత్తురులో సీసం, నికెల్ అనే లోహాలు కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పురుగుమందుల జాడ గురించి చెప్పారు. డిసెంబరు 16న ముఖ్యమంత్రి దగ్గర నిపుణులు తమ మాట చెప్పారు. పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణం కావచ్చన్నారు.

అయితే ఆ మందు అంతమంది ఒంట్లోకి ఏ దారిన చేరింది? అది అందరూ ఒప్పుకునేలా తేలలేదు.

ఇక్కడ మనం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. తేలలేదు అంటే దయ్యం అని కాదు. చేతబడి అని కాదు. తేలలేదు అంటే తేలలేదు, అంతే. మూడో గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉంచాలి. మన భయంతో నింపకూడదు. పక్కింటి మనిషి పేరుతో అసలే నింపకూడదు.

ఏలూరులో జనాన్ని బతికించింది ఏమిటి? కారణం తెలిసేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవడం. ఆ పని మనమూ చేయగలం.

ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

మనిషిని పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేయండి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. నోట్లో ఏమీ పెట్టకండి. నీళ్ళు పోయకండి. చేతిలో తాళాలు, ఇనుము పెడితే ఉపయోగం లేదు. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టకండి. అయిదు నిమిషాలైనా ఆగకపోతే, లేక మళ్ళీ మళ్ళీ వస్తుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చినా, చిన్నపిల్లలకి వచ్చినా, ఆగిపోయాక కూడా డాక్టరుకి చూపించాలి.

ఇంకో మాట. పురుగుమందు డబ్బాలు వంటింట్లో పెట్టకండి. ఖాళీ డబ్బా కడిగి నీళ్ళకి, నూనెకి వాడకండి. కూరగాయలు బాగా కడిగి వండండి.

మళ్ళీ మా కేంద్రం

మర్నాడు మేం మా కేంద్రంలో పలక మీద మూడు గళ్ళు గీశాం. విన్నది: ముసలమ్మ చూపు. చూసింది: బిడ్డకి జ్వరం, ఫిట్స్. తేలింది: జ్వరం వల్ల వచ్చిన ఫిట్స్, మందుతో తగ్గింది.

ముసలమ్మ చూపు అన్న మాట మొదటి గడి దాటి రాలేదు. బిడ్డ తల్లి లేచి దాన్ని తన కొంగుతో తుడిచేసింది. తరవాత వెళ్ళి ముసలమ్మ పక్కన కూర్చుంది. బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టింది.

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఊళ్ళో చెప్పుకునే వింత కబురు ఒకటి మూడు గళ్ళలో రాయండి.

2. అందులో 'ట' ఉన్న మాటలు ఎన్ని?

3. ఆ కబురు వల్ల ఎవరికైనా చెడ్డ పేరు వచ్చిందా? వస్తే మీరు ఏం చేస్తారు?

ఈ పాఠం మీ ఇంటి పక్కవాళ్ళకి చదివి వినిపించండి.