బ్రేకుల్లేని వీరుడు

గేరు ఒక్కటే. బ్రేకులు అసలే ఉండవు. 500 సీసీ ఇంజిను, అందులో పెట్రోలుకు బదులు మెథనాల్‌. అలాంటి నాలుగు బైకులు ఒకేసారి బయల్దేరి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మట్టి ట్రాక్‌ మీద నాలుగు చుట్లు తిరగాలి. మొదటివాడికి మూడు పాయింట్లు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి. ఆఖరివాడికి సున్నా. నిమిషం అటూఇటూగా పందెం ముగిసిపోతుంది! అదే స్పీడ్‌వే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లాండులో జనం ఎగబడి చూసిన ఆట.

ఇంతకీ బ్రేకులెందుకు లేవంటే... క్షేమం కోసమే! ముందున్నవాడు ఠక్కున ఆపితే వెనకున్నవాళ్లు మీదపడిపోతారు కదా. అందుకే మలుపు రాగానే వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తారు. ముందు చక్రాన్ని మలుపుకి ఎదురు దిక్కున తిప్పి, ఇనుప అడుగు వేసిన ఎడమ బూటుని నేలకి రాస్తూ బండిని పక్కవాటుగా పోనిస్తారు. అదుపు తప్పిందా, ఎదురుగా కంచే.

ఈ ఆటలో 'బ్యాలెన్స్‌ మాంత్రికుడు' అనిపించుకున్నాడు పీటర్‌ క్రేవెన్‌. 1934లో లివర్‌పూల్‌లో పుట్టాడు. మనిషి పొట్టి, బక్కపల్చన. బండిని బలంతో లొంగదీసుకునే ఒడ్డూపొడుగూ లేదు. అందుకే బరువును అటూఇటూ మారుస్తూ, ఒళ్లంతా కదిలిస్తూ నడిపేవాడు. పడిపోతాడేమో అని జనం ఊపిరి బిగబట్టేలోపే మలుపు దాటేసేవాడు. మాంచెస్టర్‌లోని బెల్‌ వ్యూ జట్టుకి అతడే పెద్ద ఆకర్షణ.

1955లో, 21 ఏళ్లకే వెంబ్లీలో ప్రపంచ ఛాంపియన్‌ అయ్యాడు. ఆ తర్వాత స్వీడన్‌కి చెందిన ఓవె ఫుండిన్‌, న్యూజిలాండ్‌ ఆటగాడు బారీ బ్రిగ్స్‌ల హవా నడిచింది. క్రేవెన్‌ పని అయిపోయిందనుకునేవాళ్లకి 1962లో జవాబిచ్చాడు. వెంబ్లీలోనే ఆ ఇద్దరినీ వెనక్కి నెట్టి మళ్లీ కిరీటం గెలుచుకున్నాడు. రెండుసార్లు గెలిచిన తొలి ఆంగ్లేయుడు అతడే. ఆ ఘనతను మరో ఆంగ్లేయుడు- తై వాఫిండెన్‌- అందుకోవడానికి 2015 దాకా పట్టింది.

1963 సెప్టెంబరు 20. ఎడిన్‌బరోలోని మెడోబ్యాంక్‌ స్టేడియం. క్రేవెన్‌కి ముందు వెళ్తున్న జార్జ్‌ హంటర్‌ పడిపోయాడు. ఆపుదామంటే బ్రేకుల్లేవు. నేరుగా వెళ్తే చక్రాల కింద సాటి ఆటగాడు. క్రేవెన్‌ బండిని పక్కకు తిప్పేశాడు... వెళ్లి కంచెకి గుద్దుకున్నాడు. హంటర్‌ బతికాడు. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 24న, ఆసుపత్రిలో క్రేవెన్‌ కన్నుమూశాడు. అప్పటికి అతడి వయసు 29 ఏళ్లు. ఆ తర్వాత అతడి స్మారకంగా బెల్‌ వ్యూలో పోటీలు మొదలుపెట్టారు.