పాత జావాకు కొత్త బుద్ధి
భాష మార్చకుండానే అలవాట్లు మార్చుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. గణితం నుంచి వచ్చిన ఫంక్షనల్ పద్ధతితో తప్పులకు కళ్లెం

దక్షిణ ఢిల్లీలోని హౌజ్‌ఖాస్‌లో మెట్రో ఎక్కితే గుర్‌గావ్ అరగంట ప్రయాణం. ఈ చివర ఐఐటీ, ఆ చివర అద్దాల మేడల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు. రెండింటినీ పట్టాలు 2010లోనే కలిపాయి. ఆలోచనలు కలవడానికి మాత్రం మరికొంత కాలం పట్టింది. ఐఐటీలో ప్రొఫెసర్లు ఎస్. అరుణ్ కుమార్, సుభాషిస్ బెనర్జీ తదితరులు ఒకప్పుడు రూపొందించిన కంప్యూటర్ సైన్స్ తొలి పాఠాలు ఫంక్షనల్ పద్ధతితో మొదలయ్యేవి. ఆ పద్ధతిలో ప్రోగ్రాం అంటే ఆజ్ఞల వరుస కాదు, గణిత సూత్రం. అదే విద్యార్థి గుర్‌గావ్‌లోనో నోయిడాలోనో ఉద్యోగంలో చేరితే ఎక్కువగా ఎదురయ్యేది జావా. అక్కడ అంతా వస్తువుల మయం, అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రపంచం.

రెండింటికీ తేడా తెలియాలంటే కంప్యూటర్ అక్కర్లేదు, షావుకారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలు. చిట్టాలో రాసిన పద్దును ఎవరూ చెరపరు. పొరపాటు జరిగితే సరిచేస్తూ కింద మరో పద్దు రాస్తారు. నిల్వ ఎంతో ఆ పద్దుల్లోంచే తేలుతుంది. ఫంక్షనల్ పద్ధతి ఇదే. ఒకసారి ఏర్పడిన విలువ మారదు, మార్పు కావాలంటే కొత్త విలువ తయారవుతుంది. ఫంక్షన్‌కు ఒకే సమాచారం ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే జవాబు వస్తుంది. సాధారణంగా రాసే జావా ఆబ్జెక్ట్ నల్లబల్ల లాంటిది. ఎవరైనా వచ్చి చెరిపి కొత్త అంకె వేయొచ్చు. బల్ల ముందు ఒక్కరే ఉన్నంతసేపు చిక్కులేదు. నలుగురు ఒకేసారి సుద్దముక్క పట్టుకుంటేనే తంటా.

తేదీల గొడవ
ఈ తంటాకు జావాలోనే పేరుమోసిన ఉదాహరణ ఉంది. తేదీలను అక్షరాల్లోకి మార్చేందుకు 1997లో జావా 1.1తో వచ్చిన 'సింపుల్ డేట్ ఫార్మాట్' అనే క్లాస్ తన పొట్టలో ఒక క్యాలెండర్‌ను దాచుకుని పని చేస్తుంది. ఒక ఖాతాదారు తేదీ అందులో ఉండగానే మరో ఖాతాదారు తేదీ వచ్చి పడితే మొదటివారి రసీదుపై రెండోవారి తేదీ అచ్చు కావచ్చు. పరీక్షల్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రద్దీ పెరిగిన రోజునే తప్పు బయటపడుతుంది. మళ్లీ చేసి చూద్దామంటే దొరకదు. అర్ధరాత్రి ఫోన్‌కు లేచే ఇంజనీర్లను ఎక్కువగా వేధించేవి ఇలాంటి దొరకని దొంగలే.

2014 మార్చిలో విడుదలైన జావా 8 దీనికి మందు తెచ్చింది. తేదీలకోసం కొత్తగా చేర్చిన క్లాసులు మార్పులేనివి. తేదీకి ఒక రోజు కలిపితే పాతది అలాగే ఉంటుంది, కొత్త తేదీ చేతికొస్తుంది. అదే విడుదలలో 'లాంబ్డా'లూ వచ్చాయి. ఫంక్షన్‌ను మరో ఫంక్షన్‌కు చేతికిచ్చినంత సులువుగా ఇచ్చే ఏర్పాటిది.

నిజానికి ఇందులో కొత్తదేమీ లేదు. లాంబ్డా పేరు 1930లలో అమెరికన్ తర్కశాస్త్రవేత్త అలోంజో చర్చ్ రూపొందించిన గణితం నుంచి వచ్చింది. జాన్ మెకార్తీ 1958లో ప్రారంభించిన లిస్ప్ భాష దాన్ని ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చింది. అయినా దశాబ్దాలపాటు అది ఎక్కువగా తరగతి గదులకే పరిమితమైంది. పరిస్థితిని మార్చింది చిప్‌లే. 2000ల మధ్యలో ప్రాసెసర్ల వేగం పెరగడం మందగించి, ఒకే చిప్‌లో అనేక కోర్‌లు రావడం మొదలైంది. పనిని పంచుకునే చేతులు పెరిగేకొద్దీ ఒకే నల్లబల్ల ముందు తోపులాట ఎక్కువైంది. 2004లో గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ 'మ్యాప్‌రెడ్యూస్' పద్ధతిని ప్రపంచం ముందుంచారు. వేలాది యంత్రాలకు పని పంచే ఆ పద్ధతి పేరు ఫంక్షనల్ భాషల్లోని రెండు మాటలే. 2007లో మైక్రోసాఫ్ట్ సీ షార్ప్‌కు ఇలాంటి సదుపాయాలు వచ్చాయి. జావా ఆలస్యంగా మేల్కొంది.

ఏరు, మార్చు, కూడు
ఆఫీసులో ఇది ఎలా ఉపయోగపడుతుంది? ఉద్యోగుల జాబితాలోంచి నోయిడావారిని ఏరి వారి జీతాల మొత్తం చెప్పాలనుకుందాం. పాత పద్ధతిలో ఖాళీ డబ్బా ఒకటి పెట్టుకుని, జాబితా అంతా తిరుగుతూ అందులో అంకెలు వేస్తూ పోవాలి. కొత్త పద్ధతిలో మూడు మాటలు: ఏరు, జీతంగా మార్చు, కూడు. ఎలా తిరగాలో కాదు, ఏం కావాలో చెబితే చాలు. 2021లో జావా 16తో స్థిరపడిన 'రికార్డ్'లు మార్పులేని సమాచారాన్ని ఒక్క వాక్యంలో ప్రకటించే వీలు కల్పించాయి.

ఇంతకీ వస్తువులను వదిలేయాలా? అక్కర్లేదు. డేటాబేస్, తెర, నెట్‌వర్క్ ఉన్నంతకాలం మార్పు తప్పదు. వడ్డీ, పన్ను, చార్జీల వంటి లెక్కలను మధ్యలో మార్పులేని ఫంక్షన్లుగా ఉంచి, మార్పులను అంచులకు నెట్టడమే ఉపాయం. అలా రాసిన లెక్కను పరీక్షించడమూ తేలికే. సమాచారం ఇచ్చి జవాబు చూసుకుంటే చాలు.

మోజు ఎక్కువైతే మాత్రం ముప్పే. మూడు వరుసల్లో తేలే లూప్‌ను పది లాంబ్డాల గొలుసుగా మారిస్తే చదివేవారికి శిరోభారం. లాంబ్డా లోపల దొంగచాటుగా బయటి డబ్బాను మారిస్తే పాత తప్పు కొత్త వేషంలో వచ్చినట్టే. ప్రతి మార్పుకూ కొత్త విలువ తయారుచేస్తే మెమరీ ఖర్చూ పెరగవచ్చు.

అసలు చిక్కు చదువులో ఉంది. జేఎన్‌టీయూ పరిధిలో బీటెక్ చదివిన లక్షలాదిమంది తెలుగు విద్యార్థులకు 'ఓఓపీ త్రూ జావా' సుపరిచితమైన సబ్జెక్టు. వారసత్వం, పాలీమార్ఫిజం నిర్వచనాలు నోటికొస్తాయి. కానీ ఈ విలువను ఎవరు మారుస్తున్నారు, మార్చడం అవసరమా అన్న ప్రశ్న పరీక్ష పేపర్‌లో అరుదు. ఉద్యోగంలో మాత్రం రద్దీ పెరిగిన తొలిరోజే ఎదురవుతుంది. లాంబ్డా రాయడం ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. చెరపకుండా రాసే అలవాటుకే సమయం కావాలి.