నెత్తుటి బొట్టు... వెంట్రుకంత కాలువ!

చేతిలో ఇమిడే పలక. దాంట్లో వెంట్రుకంత కాలువలు. వాటిలో ఓ రక్తపు బొట్టు. మన్యం పిల్లల్ని వేధించే సికిల్‌సెల్‌ జబ్బు గుట్టు అక్కడ కళ్లముందే విప్పుకుంటోంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు... ఒడిశా సరిహద్దు మండలం. డిసెంబరు వస్తే మంచు దుప్పటి కప్పుకుంటుంది. చూడ్డానికి వచ్చేవాళ్లకి అది అందం. సికిల్‌సెల్‌ ఉన్న పిల్లలకి మాత్రం గండం. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా ఎముకల్ని పిండేసే నొప్పి మొదలవ్వచ్చు.

ఎందుకలా? మామూలు ఎర్రకణం మెత్తగా ఉంటుంది. ఎంత సన్నని నాళంలోనైనా ఒదిగి సాగిపోతుంది. ఈ జబ్బులో ఆక్సిజన్‌ తగ్గితే కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి నాళానికి అడ్డం పడుతుంది. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఈ జన్యువు వస్తే సాధారణంగా జబ్బు రాదు. పైగా ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ కూడా! మలేరియా ప్రాంతాల్లో ఇది పాతుకుపోయింది అందుకే. ఇద్దరి నుంచీ వస్తేనే చిక్కు.

కలిసీ కలవని నీళ్లు

కణం ఎప్పుడు వంగుతుందో ఒంట్లోకి తొంగిచూడలేం కదా! ఇక్కడే అక్కరకొచ్చింది మైక్రోఫ్లూయిడిక్స్‌. వెంట్రుకంత కాలువలో రెండు ద్రవాలు సుడులు తిరగవు. పక్కపక్కనే పారుతూ మెల్లగా ఒకదాంట్లోకి ఒకటి ఇంకుతాయి. 2000లో అమెరికాలోని హార్వర్డ్‌లో జార్జి వైట్‌సైడ్స్‌ బృందం ఈ గుణాన్నే వాడుకుంది. ఓ పక్క రంగునీళ్లు, మరోపక్క మంచినీళ్లు పంపి, పాయల్ని పదేపదే చీల్చి కలిపితే... చివర్లో ముదురు నుంచి లేత దాకా మెట్లు మెట్లుగా ఛాయలు! దీన్నే గాఢతా ప్రవణత అంటారు. రంగుకి బదులు మందు పంపితే ఒకే పలక మీద ఎన్నో మోతాదుల్ని పరీక్షించొచ్చు.

ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉండే ఆక్సిజన్‌ కండరాల దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది. అదీ ప్రవణతే. 2007లో జాన్‌ హిగ్గిన్స్‌, సంగీతా భాటియా, ఎల్‌.మహదేవన్‌ తదితరులు సిలికోన్‌ రబ్బరులో రక్తనాళాల్లాంటి కాలువలు చేశారు. ఆ రబ్బరులోంచి వాయువు ఇంకుతుంది. ఆక్సిజన్‌ తగ్గించేసరికి రోగుల రక్తం నెమ్మదించి, ఆగిపోయింది. పెంచితే మళ్లీ కదిలింది! మందు ఆ అడ్డంకిని ఆపుతుందో లేదో ఒంటి బయటే చూసే దారి దొరికింది.

పెళ్లికి ముందే...

అయితే ఇది పరిశోధనశాల పనిముట్టు. ఊళ్లో ముందు కావాల్సింది మామూలు రక్తపరీక్షే. 0-40 ఏళ్ల వయసులో 7 కోట్లమందిని పరీక్షించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులైలో సికిల్‌సెల్‌ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. వధూవరులిద్దరిలోనూ ఈ జన్యువు ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. జాతకాల కంటే ముందు చూసుకోవాల్సింది ఆ రక్తపు బొట్టునే!