12 వోల్టుల వరుస

బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా అప్పుల కాగితాలు చదువుతున్నవాణ్ణి. ఎవరైనా సంతకం పెట్టబోతుంటే "అడుగున సన్నక్షరాలు చదివారా?" అని అడగడం నాకు అలవాటు. అలాంటి నేను మా ఇంటి కంప్యూటర్ లోపలి ఒక డబ్బా మీద అంటించిన చీటీని అయిదేళ్లపాటు చదవలేదు. దానివల్ల ఏం జరిగిందో మన పత్రిక పాఠకులతో చెప్పుకోవాలనిపించింది. గ్రాఫిక్స్ కార్డు కావాలని అడిగే పిల్లలు మీ ఇళ్లలోనూ ఉంటారు గదా!

మాది హోసూరు. మా అమ్మాయి బెంగళూరులో యానిమేషన్ చదివింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా మా ఊరి చంద్రచూడేశ్వరస్వామి రథోత్సవాన్ని నాలుగు నిమిషాల త్రీడీ చిత్రంగా తీయాలనుకుంది. వ్యాఖ్యానం వాళ్ల నాయనమ్మది, అంటే మా అమ్మది. చిన్నప్పుడు తేరు చూడడానికి ఎవరెవరితో వెళ్లిందీ, ఏమేం కొనుక్కుందీ అమ్మ మా హోసూరు తెలుగులో చెబుతుంటే, రెండు మధ్యాహ్నాలు ఎదురుగా కూర్చుని రికార్డు చేసుకుంది. ఆ ఆషాఢంలోనే అమ్మ పోయింది. ఆ రికార్డింగు మా ఇంటి కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

సెకనుకు 24 బొమ్మల చొప్పున నాలుగు నిమిషాలకు 5,760 బొమ్మలు. మా కంప్యూటర్ ఒక్కో బొమ్మ తయారు చేయడానికి పది నిమిషాలు తీసుకుంటోంది. రాత్రింబవళ్లు నడిపినా 40 రోజులు! గడువు చూస్తే మూడు వారాలు. సరే, కార్డు కొనక తప్పదనుకున్నాం. ఆర్‌టీఎక్స్ 3060 అనే రకం, రూ. 26,000 అయింది. కార్డు పెట్టె మీద 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని రాసి ఉంది. 2019లో అసెంబుల్ చేయించిన మా కంప్యూటర్‌లోని ఎస్.ఎం.పి.ఎస్. మీద 500 అని పెద్దంకెలు. యాభైకి ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. అమ్మాయి ఎస్.ఎం.పి.ఎస్. కూడా మార్చేద్దాం నాన్నా అంది. "ఇంత ఖర్చు పెట్టాక మళ్లీ దానికొకటా?" అన్నది నేనే.

మా ఎస్.ఎం.పి.ఎస్. నుంచి కార్డుకు పెట్టవలసిన 8 పిన్నుల ప్లగ్గు లేదు. ఒక షాపులో రూ. 150కి జోడింపు వైరు ఇచ్చారు. పాత హార్డ్‌డిస్కుల నాలుగు పిన్నుల ప్లగ్గులు రెంటిని కలిపి 8 పిన్నులుగా మార్చేది. కార్డు పెట్టాం, తెర వెలిగింది, అందరం సంతోషించాం. రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి పని మొదలుపెట్టింది. అరగంట కాకముందే ప్లాస్టిక్ కాలిన వాసన, టప్పున ఆగిపోవడం. మూత తీసి చూస్తే తెల్లటి ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి ఉంది. మళ్లీ స్విచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పిల్ల ఏడుస్తూ అన్న మొదటి మాట కార్డు గురించి కాదు. "నాన్నా, నాయనమ్మ గొంతు అందులోనే ఉంది" అంది.

మర్నాడు సెలవు పెట్టి, కేబినెట్‌ను కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లాం. ఆ సందుల గురించి వేరే చెప్పనక్కరలేదు, మన కర్ణాటక పాఠకులకు కొట్టినపిండే. ఒక చిన్న షాపులో కోలారు వైపు తెలుగు మాట్లాడే పెద్దాయన ఉన్నాడు. నా కథంతా వినకుండానే ముందు హార్డ్‌డిస్కు విప్పి తన కంప్యూటర్‌కు తగిలించాడు. ఎస్.ఎం.పి.ఎస్. పోతూ పోతూ వోల్టేజి ఎగదన్నితే డిస్కును, మదర్‌బోర్డును వెంట తీసుకుపోతుందట. రెండు నిమిషాలకు ఫోల్డరు తెరుచుకుంది. అమ్మాయి ఒక ఫైలు నొక్కింది. అంత రొదలో అమ్మ గొంతు, "తేరు కదిలేటప్పుడు చూడాల, నాయనా" అంటూ. నేను కాసేపు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత ఆయన మా పాత డబ్బాను తిరగేసి నా ముందు పెట్టాడు. "సార్, ఈ చీటీ చదివినారా?"

ఎస్.ఎం.పి.ఎస్. చేసే పని గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం. ఇవాళ్టి కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది 12 వోల్టుల వరుసలోంచే. మా చీటీలో 5, 3.3 వోల్టుల పేర పెద్ద పెద్ద అంకెలున్నాయి గాని 12 వోల్టుల కింద 16 ఆంపియర్లే. పన్నెండు పదహార్లు 192 వాట్లు. కార్డు ఒక్కటే 170, ప్రాసెసరు తక్కువలో తక్కువ 65. ఆ రెంటికే 235! బ్యాంకు భాషలో చెప్పాలంటే 500 అన్నది శాంక్షన్ లిమిటు, 192 అన్నది డ్రాయింగ్ పవర్. కాతాదారులకు నేను రోజూ విడమరిచే తేడాయే ఇది.

"మరి మొన్నటిదాకా ఎలా నడిచింది?" అన్నాను. కార్డు లేదు గనుక నడిచిందన్నాడు. ఉత్తరాలు టైపు చేసుకునే కంప్యూటర్‌కు అది చాలు.

ఆయన చూపించిన లెక్క ఇది. కార్డు వాట్లు, ప్రాసెసరు వాట్లు కలిపి, మిగతా ఫ్యాన్లకూ డిస్కులకూ ఒక 50 వేయాలి. మాకు 285 వచ్చింది. అలాగని 300ది కొంటే చాలదు. గ్రాఫిక్స్ కార్డు క్షణంలో వెయ్యోవంతు కన్నా తక్కువ సేపు తన రేటును మించి ఒక్క గుక్కలో కరెంటు లాగుతుంది. సగటున సరిపోయినా ఆ గుక్క దగ్గర బక్క ఎస్.ఎం.పి.ఎస్. చేతులెత్తేస్తుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఇలాంటి గుక్కలను తట్టుకోవాలన్న నిబంధన చేర్చారు. కార్డు కంపెనీలు రెట్టింపు దాకా చెప్పడం ఇందుకే. మేం తీసుకున్నది 550 వాట్లది, 12 వోల్టుల వరుసలో 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. రూ. 4,800. నేను మిగిల్చాననుకున్నది అదీ.

దాని మీద "80 ప్లస్ బ్రాంజ్" ముద్ర కూడా ఉంది. 80 ప్లస్ అంటే కనీసం నూటికి ఎనభై పాళ్లు కరెంటు పనికి వస్తుందని. లోపల 300 వాట్లు కావాలంటే గోడలోంచి 375 లాగి, 75 వేడిగా వదిలేస్తుందన్నమాట. బ్రాంజ్, గోల్డ్ అంటూ పైమెట్లకు వెళ్లేకొద్దీ ఆ వృథా తగ్గుతుంది. అయితే ఇది పొదుపు ముద్రేగాని భద్రత ముద్ర కాదని పెద్దాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ప్లగ్గుల సంగతే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు 75 వాట్లు దాకా వస్తాయి. 6 పిన్నుల ప్లగ్గు మరో 75, 8 పిన్నులది 150 ఇస్తుంది. ప్రాసెసరుకు పెట్టే ప్లగ్గుకూ 8 పిన్నులే ఉంటాయి, కానీ వైర్ల వరుస తారుమారు. బలవంతాన దూర్చితే కార్డు గతి అంతే. కార్డుది 6+2గా విడిపోతుంది, ప్రాసెసరుది 4+4గా విడిపోతుంది. అదే గుర్తు. వైర్లు ఊడదీసే రకం ఎస్.ఎం.పి.ఎస్. కొన్నవాళ్లు ఒక కంపెనీ వైరు మరో కంపెనీ డబ్బాకు పెట్టకూడదు. సరిగ్గా పడుతుంది, లోపల వరుస మాత్రం వేరు. మా అమ్మాయి స్నేహితురాలు ఇస్తానన్న వైరు పుచ్చుకోనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పెద్ద కార్డులకు ఇప్పుడు 600 వాట్ల దాకా మోసే 16 పిన్నుల ప్లగ్గు వచ్చింది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల మీద ఇవి కరిగిన వార్తలు వచ్చాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ముఖ్య కారణమని తేలింది. 2023లో దాన్ని కొంత మార్చారు. కార్డు ధర లక్షల్లో ఉన్నా ప్లగ్గు చివరిదాకా నొక్కాల్సింది మన వేలే.

మా బావమరిది దగ్గర ఆఫీసుల్లో వాడే సన్నపాటి కంపెనీ కంప్యూటర్ ఉంది. మామూలు ఎస్.ఎం.పి.ఎస్. వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86. వాళ్ల కేబినెట్‌లో అది పట్టనే పట్టదు, మదర్‌బోర్డు ప్లగ్గు కూడా మామూలు 24 పిన్నులది కాదు. అలాంటివాళ్లు ఎస్.ఎం.పి.ఎస్. వేటలో పడకుండా, వేరే ప్లగ్గు అక్కరలేని 75 వాట్ల లోపు పొట్టి కార్డు చూసుకోవడమే మేలు. కొనేముందు స్కేలుతో కొలవాలి. మావాడు కొలవకుండా కొని మార్చుకోవడానికి రెండుసార్లు తిరిగాడు.

కొత్తది బిగించాక ఒక్కో బొమ్మ నిమిషం లోపే వచ్చింది. నాలుగు రోజుల్లో పని పూర్తయి, గడువుకు వారం ముందే చిత్రం కాలేజీకి చేరింది. అమ్మ రికార్డింగు ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఒక పెన్‌డ్రైవు నా బ్యాంకు లాకరులో పెట్టాను.

ఒక్కటే మిగిలింది. మా పాత యూపీఎస్ 600 వీఏ. అంటే 600 వాట్లు కాదు, 360 వాట్లే. కార్డు పూర్తిగా పని చేస్తున్నప్పుడు కరెంటు పోతే కీచుమని అరిచి అదీ ఆరిపోతోంది. ఈ నెల జీతం రాగానే మారుస్తానని అమ్మాయికి మాటిచ్చాను. ఈసారి చీటీ తనే చదువుతానంది.